అద్దాల గది అవతలి మనిషి



ఒక పల్లె సంఘము నుండి ఒక తల్లి మాకు ఉత్తరము వ్రాశారు. ఆమె కుమారుడు ఇంటర్మీడియట్ పూర్తి చేశాడు. అందరిలాగా ఇంజనీరింగులో చేరరా అంటే, చేరతాను గాని సౌండ్ ఇంజనీరింగులో చేరతాను అంటున్నాడట. అంతటితో అయితే ఆమె ఎలాగో సర్దుకొని ఉండేవారు. కాని పిల్లవాడు వారములో నాలుగు రోజులు ఒకే నల్లచొక్కా వేసుకుంటాడు. దాని మీద పళ్లికిలించిన అస్థిపంజరపు బొమ్మ, పైన ఐరన్ మెయిడెన్ అని ఇంగ్లీషు అక్షరాలు. చెవుల్లో తీగలు పెట్టుకొని అతడు వినే పాటలో 666 అనే సంఖ్య పదే పదే వస్తుందని చెల్లెలు వచ్చి చెప్పిందట. “అయ్యగారూ, వీడు ఏ దారిన పోతున్నాడు? ఆ చొక్కాను పొయ్యిలో పెట్టేదా?” అని ఆ తల్లి అడిగారు.

చొక్కా సంగతి ఆ ఇంటివారే తేల్చుకోవాలి. మాకు ఆ ఉత్తరములో వేరొక మాట ఆసక్తి కలిగించింది. పిల్లవాడు గాయకుడిని అవుతాననడము లేదు, గిటారు వాయిస్తాననడము లేదు. అద్దాల గది అవతల కూర్చొని పాటను టేపు మీదికి పట్టే పని నేర్చుకుంటానంటున్నాడు. అలాంటప్పుడు ఆ పనిని ఇరవై యేళ్లకు పైగా చేసిన ఒక మనిషిని గురించి చెప్పుకోవడము మంచిదనిపించింది. ఆ తల్లి భయపడుతున్న 666 పాటను 1982లో రికార్డు చేయించినది కూడా ఆయనే. పేరు మార్టిన్ బిర్చ్.

బిర్చ్ 1948 డిసెంబరు 27న ఇంగ్లండులోని వోకింగ్ అనే ఊరిలో పుట్టాడు. ఇరవై యేళ్ల ప్రాయములోనే లండనులోని డి లేన్ లీ అనే స్టూడియోలో రికార్డింగు ఇంజనీరుగా పని చేస్తున్నాడు. ఫ్లీట్‌వుడ్ మాక్ అనే బృందము 1969లో తెచ్చిన రికార్డుకూ, డీప్ పర్పుల్ అనే బృందము 1970లో తెచ్చిన రికార్డుకూ ఇంజనీరుగా ఆయన చెయ్యి పడింది. అప్పుడప్పుడే ఇంగ్లండులో ఒక కొత్త రకము సంగీతము పుడుతూ ఉంది. గిటారు శబ్దమును యంత్రాల గుండా పంపి బరకగా, బరువుగా చేసి, డ్రమ్ములను గట్టిగా బాది, గొంతు చించుకొని పాడే సంగీతము. దానికి హెవీ మెటల్ అనే పేరు స్థిరపడింది. పెద్దవారికి అది మొదటిసారి వినగానే గోలగా ఉంటుంది. రెండవసారీ గోలగానే ఉండవచ్చు.

అయితే ఆ గోలను గోలగా కాక పాటగా వినిపించడమే ఇంజనీరు పని. మన కూటముల పందిట్లో మైకుసెట్టు అబ్బాయిని చూసే ఉంటారు. తబలా ఎక్కువై ప్రసంగీకుని మాట వినబడకపోతే అందరూ అతని వైపే చూస్తారు. అన్నీ సరిగా వినబడితే అతడున్నాడన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. స్టూడియో ఇంజనీరు పని కూడా అలాంటిదే, కాని చాలా సూక్ష్మమైనది. ఒక్క డ్రమ్ముల సెట్టుకే అనేక మైకులు పెడతారు. మైకును ఒక బెత్తెడు జరిపితే శబ్దము మారిపోతుంది. గోడ రాతిదా, చెక్కదా అన్నదాన్ని బట్టి కూడా మారుతుంది. ఆ కాలములో రెండంగుళాల వెడల్పు గల టేపు మీద 16 గాని 24 గాని బాటలు ఉండేవి. ఒక బాట మీద గొంతు, ఒక బాట మీద బేసు గిటారు, కొన్ని బాటల మీద డ్రమ్ములు, ఇలా వేరువేరుగా పట్టేవారు. తరువాత కూర్చొని వాటిని తగు పాళ్లలో కలిపేవారు. దీన్నే మిక్సింగు అంటారు. గిటారూ, గొంతూ, తాళాలూ ఒకేసారి అరుస్తున్నప్పుడు వాటిలో ఏదీ రెండవదాన్ని మింగకుండా చోటు చెయ్యడము కష్టము. బిర్చ్‌కు పేరు వచ్చినది అక్కడే.

1971 డిసెంబరులో డీప్ పర్పుల్ బృందము స్విట్జర్లాండులోని మాంట్రో అనే ఊరికి వెళ్లింది. సరస్సు ఒడ్డున ఉన్న పెద్ద కాసినో భవనములో రికార్డు చేయాలని వారి ఏర్పాటు. స్టూడియో ఊరిలో లేదు. స్టూడియోనే లారీలో తెచ్చుకున్నారు. రోలింగ్ స్టోన్స్ అనే మరొక బృందము తమ కోసము చేయించుకున్న లారీ అది. లోపల మిక్సింగు బల్ల, టేపు యంత్రాలు అన్నీ ఉంటాయి. పాటగాళ్లు ఏ భవనములో ఉంటే అక్కడికి తీగలు లాగుకోవచ్చు. ఇంజనీరు మార్టిన్ బిర్చ్. వయస్సు ఇంకా 23 నిండలేదు.

డిసెంబరు 4న ఆ కాసినోలో ఫ్రాంక్ జాప్పా అనే అమెరికా సంగీతకారుని కచేరీ జరుగుతూ ఉంది. జనములో ఎవరో మంట వెలువడే తుపాకీని పైకి పేల్చారు. కప్పు అంటుకుంది. భవనమంతా కాలిపోయింది. దేవుని దయ వలన ఒక్క ప్రాణము కూడా పోలేదు. మాంట్రో జాజ్ ఉత్సవాన్ని నడిపే క్లోడ్ నోబ్స్ లోపలికి వెళ్లి కొందరిని బయటికి తెచ్చాడు. ఆ సాయంత్రము సరస్సు మీద పొగ పరచుకొని ఉండగా డీప్ పర్పుల్ వారు హోటలు కిటికీలోనుండి చూశారు. నీటి మీద పొగ అన్న ఆ దృశ్యమే తరువాత వారి పాటల్లో అన్నిటికన్నా ప్రసిద్ధమైన పాట అయ్యింది. గిటారు చేతికి వచ్చిన కుర్రవాడు ఏ దేశములోనైనా ముందుగా వాయించి చూసేది తరచుగా దాని మొదటి స్వరాలే.

చోటు పోయింది, లారీ మిగిలింది. ఊరిలో పెవిలియన్ అనే మరొక నాటకశాలలో రాత్రి పూట మొదలుపెట్టారు. ఆ శబ్దానికి ఇరుగుపొరుగు వారి నిద్ర చెడి పోలీసులకు చెప్పారు. పోలీసులు వచ్చి తలుపులు బాదుతుంటే, సామాను మోసే పనివారు లోపలినుండి తలుపులకు అడ్డుగా నిలబడ్డారట, ఆ ఒక్క పాట వాయింపు పూర్తయ్యేవరకు. ఆ తరువాత అక్కడినుండి సామాను సర్దుకోక తప్పలేదు. చివరకు చలికాలము మూసి ఉన్న గ్రాండ్ హోటల్ దొరికింది. నడవలో పరుపులు నిలబెట్టి శబ్దాన్ని అదుపు చేశారు. లారీ బయట మంచులో. వాయించినది ఎలా వచ్చిందో వినాలంటే బృందమంతా గదులూ బాల్కనీలూ దాటుకొని చలిలో లారీ దాకా నడవాలి. కొద్ది రోజులకు వారు ఆ నడక మానుకున్నారు. బాగా వచ్చిందా లేదా అన్న తీర్పు లారీలో కూర్చున్న వారి చెవులకే వదిలేశారు. ఆ పనిలో ఉన్న నమ్మకము ఎంతటిదో దీని వలన తెలుస్తుంది. డిసెంబరు 21 నాటికి పని ముగిసింది. 1972లో “మెషీన్ హెడ్” అనే పేరుతో ఆ రికార్డు వచ్చింది.

అదే యేడు ఆగస్టులో జపానులో ఒసాకాలో రెండు రాత్రులు, టోక్యోలో ఒక రాత్రి వారి కచేరీలను బిర్చ్ పట్టాడు. కచేరీ రికార్డులను తరువాత స్టూడియోలో కూర్చొని తప్పులు దిద్ది, అతుకులు వేసి అమ్మడము సంగీత వ్యాపారములో మామూలే. ఈ రికార్డులో అలాంటి అతుకులు వేయలేదు. తప్పు పడితే పడినట్టే ఉంది. యాభై యేళ్లు దాటినా కచేరీ రికార్డులకు దానినే కొలబద్దగా చెప్పేవారు ఉన్నారు.

క్రమముగా బిర్చ్ ఇంజనీరు నుండి ప్రొడ్యూసరు అయ్యాడు. మన సినిమాల్లో ప్రొడ్యూసరంటే డబ్బు పెట్టేవాడు గనుక ఈ మాట దగ్గర పాఠకులు తికమక పడవచ్చు. రికార్డు ప్రొడ్యూసరు సినిమా దర్శకునికి దగ్గరివాడు. ఏ పాట ఉంచాలి, ఏది తీసేయాలి, ఎంత వేగముతో వాయించాలి, ఇంకొకసారి పాడించాలా వద్దా అన్నవి ఆయన చూస్తాడు. బృందములోని వారు పోట్లాడుకుంటే మధ్య నిలబడేది కూడా ఆయనే. బిర్చ్ ఈ రెండు పనులనూ ఒక్కడే చేసేవాడు: మీటలు తిప్పే చెయ్యి, తీర్పు చెప్పే చెవి ఒకరివే.

తరువాత బ్లాక్ సాబత్ అనే బృందము ఆయన దగ్గరికి వచ్చింది. బర్మింగ్‌హామ్ అనే ఫ్యాక్టరీల ఊరివారు వీరు. వారి గిటారు వాద్యకారుడు టోనీ అయోమీ పదిహేడేళ్ల వయస్సులో ఇనుప రేకుల ఫ్యాక్టరీలో పని చేస్తూ యంత్రములో చెయ్యి పడి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. ప్లాస్టిక్ సీసాను కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకొని మళ్లీ వాయించాడు. పని చేసుకొని బ్రతికే ఇళ్లలోనుండి వచ్చిన సంగీతమిది అని చెప్పడానికే ఈ మాట వ్రాస్తున్నాము. 1979లో వారు తమ గాయకుడిని తొలగించగా, బృందము ఉంటుందో లేదో తెలియని స్థితి వచ్చింది. రానీ జేమ్స్ డియో అనే కొత్త గాయకుడు వచ్చాడు. ఇతనితో బిర్చ్‌కు రెయిన్‌బో అనే బృందములో ముందే పరిచయము. ఆ కలయికలో వచ్చిన “హెవెన్ అండ్ హెల్” రికార్డు వారిని మళ్లీ నిలబెట్టింది.

ఆ తరువాత ఐరన్ మెయిడెన్. లండను తూర్పు పేటల కుర్రవాళ్లు. వారి మొదటి రికార్డు శబ్దము వారికే నచ్చలేదు. 1981లో “కిల్లర్స్” అనే రెండవ రికార్డు మొదలుకొని 1992 వరకు ఎనిమిది స్టూడియో రికార్డులు, మధ్యలో 1985లో ఒక పెద్ద కచేరీ రికార్డు, అన్నీ బిర్చ్ చేతి మీదుగా వచ్చినవే. రికార్డు అట్టల మీద వారు ప్రతిసారీ ఆయన పేరు మధ్యలో ఒక ముద్దుపేరు ఇరికించేవారు. వాటిలో “హెడ్‌మాస్టరు” ఒకటి. “బిషప్” మరొకటి. మా పత్రిక పాఠకులకు ఇది నవ్వు తెప్పించవచ్చు.

ఇక ఆ 666 పాట. 1982 మార్చిలో వచ్చిన “ది నంబర్ ఆఫ్ ది బీస్ట్” రికార్డు ఇంగ్లండులో మొదటి స్థానానికి చేరింది. పేరు ప్రకటన గ్రంథము 13వ అధ్యాయము నుండి తీసుకున్నదని మనలో బైబిలు చదివేవారికి వేరే చెప్పనక్కరలేదు. పాటకు ముందు బారీ క్లేటన్ అనే నటుడు గంభీరముగా చదివేది కూడా ఆ గ్రంథములోని మాటలే. పాట వ్రాసిన స్టీవ్ హారిస్, ఒక భయానకమైన సినిమా చూసిన తరువాత తనకు వచ్చిన పీడకల గురించి అది వ్రాశానని చెప్పాడు. పాటలోని మనిషి చీకటిలో ఏదో చూసి హడలిపోతున్నాడు; అదే దానిలోని కథ.

రికార్డు చేసేటప్పుడు కొత్త గాయకుడు బ్రూస్ డికిన్సన్ మొదటి రెండు పంక్తులు పాడి తరువాతి భాగానికి పోదామనుకున్నాడు. అవి మెల్లగా, గుసగుసగా పాడవలసిన పంక్తులు. బిర్చ్ ఒప్పుకోలేదు. మళ్లీ అన్నాడు. మళ్లీ. గంటలు గడిచాయి. గాయకుడు విసిగి, గదిలో సామాను విసిరేసేదాకా వచ్చాడు. డియో కూడా ఇలాగే ఒక్క పంక్తి దగ్గర అవస్థ పడ్డాడని బిర్చ్ అతనికి చెప్పాడట. ఆ పంక్తుల తరువాత పాటలో ఒక పొడవైన కేక ఉంది. వినేవారు దాన్ని ఏ దయ్యపు కేకో అనుకుంటారు. రోజంతా రెండు పంక్తుల దగ్గర నిలబెట్టిన హెడ్‌మాస్టరు మీద ఒక మనిషికి వచ్చిన కోపము అందులో ఉందని డికిన్సనే తరువాత చెప్పాడు.

ఆ రోజుల్లోనే బిర్చ్ కారు సన్యాసినులు వెళుతున్న ఒక చిన్న వ్యానుకు తగిలిందనీ, మరమ్మతు చేసినవాడు 666 పౌండ్ల బిల్లు ఇచ్చాడనీ ఒక కథ చెప్పుకుంటారు. బిర్చ్ దాన్ని 667 చేయించుకున్నాడని కూడా అంటారు. ఎంత నిజమో, ఎంత పాటకు ప్రచారమో, పాఠకులు మాకన్నా బాగా ఊహించగలరు.

అమెరికాలో మాత్రము ఇది నవ్వులాటగా పోలేదు. 1982లో ఆ బృందము అక్కడికి వెళ్లినప్పుడు కొన్ని చోట్ల క్రైస్తవులు కూడి రికార్డులను కాల్చారు. కాలితే వచ్చే పొగ పీల్చడము కూడా ప్రమాదమని కొందరు సుత్తులతో పగులగొట్టారట. పాటలను వెనక్కి తిప్పి వింటే రహస్య సందేశాలు వినబడతాయని బోధించిన కాలమది. ఐరన్ మెయిడెన్ వారు 1983 రికార్డులో కావాలనే ఒక వెనక్కి తిప్పిన ముక్క పెట్టారు. తిప్పి వింటే వినబడేది వారి డ్రమ్ముల వాద్యకారుడు నికో మెక్‌బ్రెయిన్ ఉగాండా నియంత ఈదీ అమీన్‌లా గొంతు మార్చి మాట్లాడిన వెకిలి మాటలు. నిందించిన వారిని ఆటపట్టించడానికి చేసిన పని. మాకు అది గొప్ప హాస్యముగా తోచలేదు, గాని సాతాను అందులో లేడు. ఆ మెక్‌బ్రెయిన్ 1999లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక సంఘములో క్రీస్తును అంగీకరించాడు. అయినా 2024 డిసెంబరు వరకు అదే బృందముతో దేశాలు తిరిగి వాయిస్తూనే ఉన్నాడు.

ఇప్పుడు ఆ తల్లికి మా జవాబు. అమ్మా, ఆ బొమ్మ డెరెక్ రిగ్స్ అనే చిత్రకారుడు గీసినది; దాన్ని ఎడ్డీ అంటారు. మన ఊళ్ల బజారుల్లో ఆ చొక్కా వేసుకున్నవారిలో చాలామందికి అది ఒక బృందము పేరని కూడా తెలియదు. మీవాడికి తెలుసు, అది కొంత నయమే. అతనితో కూర్చొని ఆ పాటలో ఏమున్నదో చెప్పమని అడగండి. ప్రకటన గ్రంథములో ఆ అధ్యాయము ఎవరి గురించి, ఏ శ్రమకాలములో వ్రాయబడిందో మీరు చెప్పండి. పాటలు మాకు నచ్చుతాయని మేము అనడము లేదు; కాల్చిన చొక్కా కన్నా ఈ మాటలు ఎక్కువ కాలము ఉంటాయని అనుకుంటున్నాము. మీవాడి విషయములో మాకు 666 కన్నా 85 అనే సంఖ్య మీద ఎక్కువ దిగులు. 85 డెసిబెల్ల శబ్దము రోజుకు 8 గంటలు దాటితే వినికిడికి ప్రమాదము. ఆపైన ప్రతి 3 డెసిబెల్లకు ఆ సమయము సగమవుతూ వస్తుంది: 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, 100కి పావుగంట. చెవుల్లో తీగలు పెట్టుకొని పూర్తిగా పెంచితే వంద దాటించే పరికరాలు ఉన్నాయి. పోయిన వినికిడి తిరిగి రాదు. సౌండ్ ఇంజనీరుకు పొలమూ, కాడీ, విత్తనమూ అన్నీ చెవులే. ఇరవై యేళ్లకే వాటిని పాడుచేసుకుంటే ఏ కాలేజీలో చేరి ఏమి లాభము?

ఇంకొక సంగతి కూడా అతనికి చెప్పండి. ఇప్పుడు టేపు లేదు, కంప్యూటరులోనే అంతా జరుగుతుంది. శ్రుతి తప్పిన గొంతును యంత్రమే సరిదిద్దుతుంది. బిర్చ్ కాలములో గాయకుడిని మళ్లీ పాడించడము తప్ప వేరే దారి లేదు. అందుకే ఆయనకు మీటల కన్నా మనుషులతో ఎక్కువ పని పడింది. మీవాడికి యంత్రాలు ఎంత తెలుసో మాకు తెలియదు. అలసిపోయిన మనిషితో “ఇంకొకసారి” అని, అతడు లేచిపోకుండా చెప్పగలడా అన్నది ఇంట్లో ఉన్న మీకే బాగా తెలియాలి.

1990లో స్టీవ్ హారిస్ తన ఎసెక్స్ ఇంటి దగ్గర ఉన్న పశువుల కొట్టములో కొత్త రికార్డు చేద్దామన్నాడు. ఖరీదైన స్టూడియోలు చాలించి మామూలు చోట వాయించాలన్నది ఆలోచన. అక్కడ ఆగిన లారీ పంతొమ్మిదేళ్ల క్రితము మాంట్రోలో మంచులో నిలిచిన ఆ రోలింగ్ స్టోన్స్ లారీయే. బిర్చ్ మళ్లీ అందులో కూర్చున్నాడు. రికార్డు గొప్పగా వచ్చిందని చెప్పలేము, అభిమానులే దాని గురించి పెదవి విరుస్తారు. 1992లో ఇంకొక రికార్డును హారిస్‌తో కలిసి చేసి, బిర్చ్ ఆ పనినే విడిచిపెట్టాడు. అప్పటికి వయస్సు 43. పెద్ద బృందాలన్నీ తలుపు తట్టే దశలో లేచి ఇంటికి వెళ్లిపోయాడు, మళ్లీ రికార్డులు చేయలేదు.

2020 ఆగస్టు 9న, 71వ యేట, ఆయన చనిపోయాడు. ఆ వార్తను లోకానికి తెలిపినది ఆయనతో డీప్ పర్పుల్‌లోనూ, వైట్‌స్నేక్‌లోనూ పని చేసిన గాయకుడు డేవిడ్ కవర్‌డేల్. సామాను విసిరిన ఆ డికిన్సన్, తన పాడే విధానాన్నే మార్చిన గురువు ఆయన అని చెప్పాడు. బృందము శబ్దాన్ని తన ఇష్టానికి వంచకుండా, ఉన్నదాన్ని ఉన్నట్టు మంచిగా చూపించాడని కూడా అన్నాడు. ఆ లారీ ఇప్పుడు కెనడాలోని కాల్గరీ నగరములో నేషనల్ మ్యూజిక్ సెంటర్ అనే సంగీత ప్రదర్శనశాల వారి దగ్గర ఉంది.